పూచీ లేని టక్కరికి దిక్కు లేదు: గ్లోరాంథాలో యూర్మాల్ భక్తుడి పాత్రను ఆడే విధానం

గ్లోరాంథా అనే కల్పిత లోకంలో సాగే పాత్రధారణ ఆట రూన్‌క్వెస్ట్‌ను ఆడటం మొదలుపెట్టినవారు కొన్నాళ్లకు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. టక్కరి దేవుడు యూర్మాల్ భక్తుడిగా ఆడాలని ఉంది, కానీ బల్ల చుట్టూ కూర్చున్న మిగతావారి ఆట పాడు కాకుండా ఆడటం ఎలా అని. ఈ ప్రశ్న ఇప్పటికి చాలామంది అడిగారు కనుక, పాత్రను ఊహించుకున్న రోజు నుంచి ఆ పాత్ర కథ ముగిసే రోజు వరకు చేయవలసిన పనులను ఒక వరుసలో పెట్టి చెబుతున్నాను.

ఇక్కడ చెప్పే నియమాలు 2018లో వెలువడిన రూన్‌క్వెస్ట్ కూర్పుకు సంబంధించినవి. ఆట ఆ లోకపు లెక్కలో 1625వ సంవత్సరపు సార్తార్‌లో, అంటే లూనార్ సామ్రాజ్యపు ఆక్రమణ నుంచి ఆ రాజ్యం అప్పుడే బయటపడిన కాలంలో మొదలవుతుందని అనుకుందాం. వేరే కూర్పు ఆడుతున్నవారు అంకెలను వదిలేసి, పనుల వరుసను మాత్రం అలాగే పాటించవచ్చు.

1. పాత్ర కంటే ముందు చట్టం తెలుసుకోండి

సార్తార్ ప్రజల్లో అత్యధికులు తుఫాను దేవుడు ఆర్లాంత్‌ను కొలిచేవారు. వారి సమాజంలో మనిషిని కాపాడేది వంశం. ఎవరైనా మిమ్మల్ని కొడితే మీ వంశం పరిహారం అడుగుతుంది. మీరు ఎవరినైనా కొడితే మీ వంశమే ఆ పరిహారం చెల్లిస్తుంది. యూర్మాల్ భక్తుడికి ఈ రక్షణ ఉండదు. అతడు వెలిపడినవాడితో సమానం. అతడిని కొట్టినా, తరిమినా, చంపినా ఎందుకని అడిగేవారు లేరు.

దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. ఒక నాయకుడు పదిమంది ఎదుట ఆ టక్కరిని తనకు కట్టుబడినవాడిగా స్వీకరించి, వీడు చేసే ప్రతి పనికీ నేనే జవాబుదారిని అని ఒప్పుకుంటే, అప్పటి నుంచి టక్కరిని ముట్టుకోవడమంటే ఆ నాయకుడితో తగువు పెట్టుకోవడమే. ఆర్లాంత్ యూర్మాల్‌ను అలాగే తన వెంట ఉంచుకున్నాడు. ఈ కట్టుబాటును తెలుగులో చెప్పడానికి పూచీ అనే మాట సరిగ్గా సరిపోతుంది కాబట్టి ఇకపై ఆ మాటే వాడతాను.

అంత ప్రమాదాన్ని ఒక నాయకుడు నెత్తికెత్తుకోవడం ఎందుకు? కారణం పురాణంలోనే ఉంది. మృత్యువు అనే ఆయుధం లోకంలోకి రావడంలో యూర్మాల్ చేయి ఉంది. అది చేతులు మారి ఆర్లాంత్‌కు చేరింది, ఆర్లాంత్ దానితో సూర్య చక్రవర్తి యెల్మ్‌ను చంపాడు, లోకం చీకటిలో మునిగింది. తరువాత ఆ తప్పును దిద్దుకోవడానికి ఆర్లాంత్ పాతాళానికి బయలుదేరినప్పుడు వెంట నడిచిన వెలుగు తెచ్చేవారిలో వైద్యపు దేవత చలానా అరోయ్, జ్ఞానపు దేవుడు లాంకోర్ మై, వర్తకపు దేవుడు ఇస్సరీస్‌లతో పాటు యూర్మాల్ కూడా ఉన్నాడు. నాశనంలోనూ అతడికి పాలు ఉంది, ఉద్ధరణలోనూ ఉంది. మీ పాత్ర ప్రతి సెషన్‌లోనూ ఈ రెంటి మధ్యే నడవాలి.

ఇక్కడే మరొక తేడాను మనసులో నాటుకోండి. యూర్మాల్‌ది అస్తవ్యస్తపు రూన్ (రూన్ అంటే ఆ లోకంలో ఒక మూలశక్తికి గుర్తు). గ్లోరాంథాలో కేయాస్ అని పిలిచేది వేరు. అది లోకాన్నే తినేసే విషం, దానికి వేరే రూన్ ఉంది. టక్కరి కట్టుబాట్లను తలకిందులు చేస్తాడే కానీ లోకాన్ని తినేసేదానితో చేయి కలపడు. ఈ రెంటినీ ఒకటిగా అనుకున్నవారి పాత్ర, కేయాస్‌ను వాసన పట్టే స్టార్మ్ బుల్ అనే దేవుడి భక్తుడి చేతిలో రెండో సెషన్‌కే ముగిసిపోతుంది. అందుకు ఆ భక్తుడిని తప్పు పట్టడానికీ లేదు.

2. పూచీదారుడిని వెతుక్కోండి

ఈ పని క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే కాగితం) ముట్టుకోకముందే జరగాలి. చాలామంది ముందు పాత్రను తయారు చేసుకుని, పేరు పెట్టి, వేషం ఊహించుకుని, మొదటి సెషన్‌లో కథలో ఎవరో ఒకరు చేరదీస్తారని ఎదురు చూస్తారు. ఎవరూ చేరదీయరు. అప్పుడు ఆటను నడిపే గేమ్ మాస్టర్ బలవంతంగా ఒక కారణం కల్పించాల్సి వస్తుంది, ఆ అతుకు చివరి వరకు కనబడుతూనే ఉంటుంది.

పూచీదారుడిగా తోటి ఆటగాడి పాత్ర ఉండటం అన్నిటికంటే మేలు. గేమ్ మాస్టర్ నడిపే నాయకుడు పూచీదారుడైతే మీరు చేసిన పనికి శిక్ష పడేది ఆట ఆడని మనిషికి. బల్ల దగ్గర దాని బరువు ఎవరికీ తెలియదు. మీ పక్కన కూర్చున్న మనిషే తన ఆవులను అమ్మి మీ తప్పుకు పరిహారం కట్టవలసి వస్తే, ప్రతి అల్లరికీ ముందు మీరు అతడి ముఖం వైపు చూస్తారు. ఆ చూపు లేకుండా ఈ పాత్రను ఎన్నాళ్లు ఆడినా పండదు.

తోటి ఆటగాడిని అడిగేటప్పుడు ఈ వరుస పాటించండి.

మొదట, అతడి పాత్రకు మీ వల్ల ఏమి లాభమో చెప్పండి. ఆర్లాంత్ భక్తుడైన నాయకుడు గౌరవానికి కట్టుబడి కొన్ని మాటలు అనలేడు, కొన్ని గుమ్మాలు దాటలేడు. అతిథిగా వెళ్లిన ఇంట్లో ఆతిథేయిని దొంగ అని నిలదీయలేడు. టక్కరి ఆ మాట అనగలడు. నాయకుడి నోట రాకూడని నిజం టక్కరి నోట వస్తుంది.

రెండవది, అతడికి పడే ఖర్చును దాచకుండా చెప్పండి. పరిహారాలు, చెడ్డపేరు, శత్రువులు. ఇది విని అతడు వెనకాడితే ఒత్తిడి చేయవద్దు, మరొకరిని అడగండి.

మూడవది, ఇద్దరి మధ్య ఉండే షరతులను కాగితం మీద రాయండి. నాలుగైదు వాక్యాలు చాలు. ఏయే పనులకు ముందుగా అనుమతి అడగాలి, ఏ పని చేస్తే పూచీ అక్కడికక్కడే తెగిపోతుంది, నాయకుడు టక్కరిని ఎలా శిక్షించవచ్చు, టక్కరికి తిండి, పడక, పంపకంలో వాటా ఏమిటి అన్నవి అందులో ఉండాలి.

నాలుగవది, పూచీ స్వీకరించే ఘట్టాన్ని బల్ల దగ్గర ఆడండి. అది వంశసభలో, అందరూ చూస్తుండగా జరగాలి. పది నిమిషాల ఘట్టమే అయినా దీనిని దాటవేయవద్దని నా గట్టి సలహా. సభలో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పాలి, నాయకుడు వారిని ఎదిరించి మాట ఇవ్వాలి. ఆ మాట తరువాత ప్రతి సెషన్‌లోనూ వడ్డీతో తిరిగి వస్తుంది.

నాయకుడు టక్కరిని ఎలా వాడుకుంటాడో కళ్లారా చూడాలంటే, ఇదే లోకంలో 1999లో వచ్చిన కింగ్ ఆఫ్ డ్రాగన్ పాస్ అనే కంప్యూటర్ ఆటలో కొన్ని గంటలు గడపండి. అందులో వంశాన్ని నడిపే ఏడుగురు పెద్దల మండలిలో యూర్మాల్ భక్తుడికి చోటు ఇవ్వవచ్చు. అతడి వల్ల కలిగే చిక్కులూ, అతడొక్కడే చూపగల దారులూ రెండూ అక్కడ తెలుస్తాయి.

3. బల్ల చుట్టూ ఉన్నవారందరి అంగీకారం తీసుకోండి

పూచీదారుడు ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు. ఆట మొదలయ్యే ముందు అందరూ కలిసే సమావేశంలో మీ పాత్ర గురించి విడిగా మాట్లాడాలి. ముఖ్యంగా ఇద్దరితో.

హ్యుమాక్ట్ అనే దేవుడి భక్తుడిగా ఆడేవారు ఉంటే వారితో మొదట మాట్లాడండి. హ్యుమాక్ట్‌వి మృత్యువు, సత్యం అనే రెండు రూన్‌లు. అతడి భక్తులకు అబద్ధం అంటే గిట్టదు, మృత్యువు విషయంలో యూర్మాల్ చేసినదాన్ని వారు మరిచిపోరు. ఈ రెండు పాత్రలు ఒకే బృందంలో ఉండటం గొప్ప నాటకానికి దారి తీస్తుంది, కానీ ఆడే ఇద్దరూ ముందుగా చేతులు కలుపుకున్నప్పుడే. లేకపోతే అది మూడో వారానికి ఇద్దరు మనుషుల మధ్య తగాదాగా మారుతుంది.

చలానా అరోయ్ భక్తురాలిగా ఆడేవారితోనూ మాట్లాడండి. ఆ పాత్ర ఎవరికీ హాని చేయనని వ్రతం పట్టినది. ఆ వ్రతాన్ని మోసంతో భంగం చేయించడం టక్కరికి చాలా సులువు, చేయకూడని పని కూడా అదే. నా మొదటి యూర్మాల్ పాత్రతో నేను చేసిన తప్పు ఇదే. ఆమె మందుల సంచిలో మూలికలకు బదులు విషం పెట్టాను. కథలో అది చమత్కారంగానే కనబడింది. ఆ పాత్రను ఆరు నెలలుగా పెంచుకున్న మనిషికి మాత్రం అది చమత్కారం కాలేదు. ఆమె తరువాతి వారం ఆటకు రాలేదు. ఆమెను నవ్వించాలన్న తొందరలో ఆమెకు విలువైనది ఏమిటో నేను అడిగి తెలుసుకోలేదు.

సమావేశం ముగిసేసరికి ఈ పట్టిక నిండాలి:

- తోటి పాత్రల వస్తువులు దొంగిలించవచ్చా? ఎవరివి, ఎంతవరకు?
- తోటి పాత్రల మీద మంత్రం వేయవచ్చా? వేసే ముందు ఆడేవారిని అడగాలా?
- ఎవరి వ్రతాలను, ఎవరి ప్రమాణాలను ముట్టకూడదు?
- ఏ విషయాల మీద హాస్యం ఆడకూడదు? కులం, శరీరం, పిల్లలు, మరణం వంటివి ఒక్కొక్కటిగా అడగండి.
- ఎవరికైనా ఇబ్బంది కలిగితే ఆట ఆపడానికి గుర్తు ఏమిటి? ఇంటూ గుర్తు వేసిన కార్డును బల్ల మధ్యలో పెట్టి, ఎవరు దానిని తాకినా కారణం అడగకుండా ఆ ఘట్టం వదిలేయడం మంచి పద్ధతి.

4. క్యారెక్టర్ షీట్ నింపండి

ఇప్పుడు అంకెల దగ్గరకు రావచ్చు. ఇది తేలికైన భాగం.

శక్తి రూన్‌లు ఈ ఆటలో జంటలుగా ఉంటాయి. సత్యానికి ఎదురు మాయ, సామరస్యానికి ఎదురు అస్తవ్యస్తం. ఒక జంటలోని రెండు అంకెలు కలిపితే 100 కావాలి. పాత్ర తయారీలో మీరు ఎంచుకునే రెండు రూన్‌లు 75 శాతంతో మొదలవుతాయి. మాయ, అస్తవ్యస్తం ఎంచుకుంటే సత్యం, సామరస్యం చెరొక 25కు పడిపోతాయి. ఈ పాత్ర లోపల ఏముందో ఆ రెండు అంకెలే చెబుతాయి.

అదనంగా పంచుకోవడానికి వచ్చే పాయింట్లను మాయ మీద పెట్టండి, అస్తవ్యస్తం మీద వద్దు. ఒక రూన్ 80 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ఆ స్వభావం పాత్రను లాక్కుపోతుందా లేదా అని గేమ్ మాస్టర్ పాచికలు వేయించవచ్చు. అస్తవ్యస్తం చేతిలో కీలుబొమ్మగా మారిన పాత్రకు తనంతట తాను అల్లరి ఎంచుకునే అవకాశం తగ్గిపోతుంది. మొదటిసారి ఆడేవారికి 75 చాలు.

నైపుణ్యాలలో నటన, మాటలతో బోల్తా కొట్టించడం, మారువేషం, హస్తలాఘవం, ఎదుటివారి మనసు పసిగట్టడం ఈ ఐదింటికి ప్రాధాన్యం ఇవ్వండి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ఎదుటివాడు దేనికి భయపడుతున్నాడో తెలియని టక్కరి గాలిలో రాళ్లు విసిరినట్టే.

పాషన్లలో, అంటే పాత్రను నడిపే బలమైన భావాలలో, పూచీదారుడి పట్ల విధేయత తప్పనిసరిగా ఉండాలి. అది 60 శాతంతో మొదలైనా చాలు. పాత్ర హద్దు దాటబోతున్నప్పుడు మీరే అడిగి ఆ పాచికలు వేయండి. ఆపవలసింది పాత్రనా, మిమ్మల్నా అన్న సందేహం అప్పుడు తీరిపోతుంది.

యూర్మాల్‌కు పెద్ద ఆలయాలు ఉండవు, చిన్న చిన్న గుళ్లు మాత్రమే. అతడి మంత్రాల్లో అబద్ధాన్ని నిజమని నమ్మించేది, పెద్ద వస్తువులను మింగేసేది, గుంపును నవ్వులో ముంచేది, శరీర భాగాన్ని ఊడదీసి పక్కన పెట్టేది ఉన్నాయి. దీక్ష తీసుకున్న పాత్ర ఈ మంత్రాలు వేయడానికి పనికొచ్చే 3 రూన్ పాయింట్లతో మొదలవుతుంది, ఖర్చయినవి పూజ చేస్తేనే తిరిగి వస్తాయి. కాబట్టి నమ్మించే మంత్రాన్ని చిన్న అవసరాలకు వాడవద్దు. సంతలో రొట్టె ముక్క కోసం మాటకారితనం చాలు. మంత్రం ఒక వంశం తలరాత మారే క్షణానికి దాచుకోండి.

5. అల్లరిని ఘట్టంగా మలిచే వరుస

ఇది ఈ పాత్రకు గుండెకాయ వంటిది, అందుకే ఒక ఉదాహరణ తీసుకుని నిదానంగా చెబుతాను.

మీ వంశపు ఆవులు పది మాయమయ్యాయి. పొరుగు వంశమే తోలుకుపోయిందని అందరికీ తెలుసు, సాక్ష్యం లేదు. మీ పూచీదారుడైన నాయకురాలు అతిథిగా ఆ వంశపు పెద్ద ఇంటికి వెళ్లింది. నీళ్లు, భోజనం, ఆసనం స్వీకరించింది. ఇక అతిథి ధర్మం ప్రకారం ఆమె అతడిని దొంగ అనలేదు. భోజనాల మధ్య మాటలు నీళ్లు నమిలినట్టు సాగుతున్నాయి. అందరూ ఇరుక్కుపోయారు.

మొదటి మెట్టు: ఆగి, ఎవరు ఎందుకు ఇరుక్కుపోయారో చూడండి. టక్కరి పని ఖాళీగా ఉన్న చోట అల్లరి చేయడం కాదు, బిగుసుకుపోయిన చోట ముడి విప్పడం. ఇక్కడ ముడి ఏమిటి? అందరికీ తెలిసిన నిజాన్ని ఎవరూ పైకి అనలేకపోవడం. ముడి కనబడకపోతే ఆ ఘట్టంలో మీరు మౌనంగా ఉండండి. మౌనంగా ఉన్న టక్కరిని చూస్తే అందరికీ కంగారే, అదీ ఆటే.

రెండవ మెట్టు: నియమంలో ఉన్న సందు వెతకండి. అతిథి ఆతిథేయిని దొంగ అనకూడదు. ఆవులా అరవకూడదని మాత్రం ఏ ధర్మమూ చెప్పలేదు.

మూడవ మెట్టు: ఆటగాడిగా మీ ఉద్దేశాన్ని పైకి చెప్పండి. "మా వాడు నాలుగు కాళ్ల మీద వంగి, మా ఆవులను పిలిచినట్టు అంబా అని అరవబోతున్నాడు, పెరట్లో ఉన్నవి బదులు పలుకుతాయేమోనని." పాత్రల మధ్య రహస్యం ఉండవచ్చు, ఆడేవారి మధ్య ఉండకూడదు. ఇలా ముందుగా చెబితే ఆశ్చర్యం పోతుందని కొత్తవారు భయపడతారు. నిజానికి అందరూ ముందుకు వంగి కూర్చుంటారు.

నాలుగవ మెట్టు: పూచీదారుడి వైపు చూడండి. నాయకురాలిగా ఆడుతున్న మనిషి తల ఊపితే ముందుకు వెళ్లండి. ఆమె వద్దంటే మానేయండి, లేదా ఆమె పాత్ర మిమ్మల్ని చెవి పట్టుకుని కూర్చోబెట్టే ఘట్టం ఆడండి. అది కూడా నవ్వు పుట్టిస్తుంది.

ఐదవ మెట్టు: పాచికలు. మాయ రూన్ మీద వేసి గెలిస్తే నటన నైపుణ్యానికి 20 శాతం కలుస్తుంది. నటన 50 ఉంటే 70 అవుతుంది. రూన్ మీద ఓడితే 20 తగ్గి 30 అవుతుంది, కాబట్టి ఆ సహాయం అడగాలా వద్దా అనేది మీ తెగువకు సంబంధించినది. టక్కరిగా ఆడుతున్నప్పుడు అడగడమే అందం.

ఆరవ మెట్టు: ఫలితాన్ని పూర్తిగా స్వీకరించండి. గెలిచారు, పెరట్లోంచి పది గొంతులు బదులు పలికాయి, సభ గొల్లుమంది, ఆతిథేయి ముఖం మాడిపోయింది. అయితే అతడి ఇంట్లో అతడికి అవమానం జరిగింది, అతడు పరిహారం అడుగుతాడు. ఆటలో ఒక ఆవు వెల 20 లూనార్లు (అక్కడి నాణేలు). అవమానానికి మూడు ఆవులు అని తేలితే, నాయకురాలు తిరిగి దక్కిన పదింటిలో మూడింటిని, అంటే 60 లూనార్ల సొత్తును, అక్కడే వదిలి రావాలి.

ఏడవ మెట్టు: శిక్ష ఆడండి. ఇంటికి వెళ్లాక వంశసభ నాయకురాలిని నిలదీస్తుంది, ఆమె మిమ్మల్ని వారం పాటు పశువుల కొట్టంలో పడుకోమంటుంది. ఈ మెట్టును ఎక్కువమంది దాటవేస్తారు. ఏడు ఆవులు ఇంటికి వచ్చాయి, మూడు పోయాయి, టక్కరి పేడలో పడుకున్నాడు. ఇవి మూడూ కలిస్తేనే యూర్మాల్ కథ అవుతుంది. మూడవది లేకపోతే అది వట్టి గొప్పలు చెప్పుకోవడం.

6. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

*టక్కరిని తెనాలి రామలింగడిగా ఆడటం.* తెలుగువారిలో ఎక్కువగా కనబడే పొరపాటు ఇదే, ఎందుకంటే మనం చిన్నప్పటి నుంచి విన్న కొంటెవాడు అతడే. రామలింగడి కథలో చివరకు రాయలు నవ్వి బహుమానం ఇస్తాడు. కొంటెతనం ఎప్పుడూ తెలివిగా రుజువవుతుంది. యూర్మాల్ భక్తుడికి ఆ భరోసా లేదు. అతడి పన్నాగాలు చాలాసార్లు అతడి మీదే తిరగబడతాయి, కొన్నిసార్లు అమాయకులకు తగులుతాయి. నారదుడితో పోల్చడం కూడా కుదరదు. కలహం పెట్టే ముందే దాని ఫలితం లోకకల్యాణమని నారదుడికి తెలుసు, యూర్మాల్‌కు ఏమీ తెలియదు. సవరణ ఏమిటంటే, ప్రతి మూడు అల్లర్లలో ఒకటి మీ పాత్రకే బెడిసికొట్టేలా మీరే గేమ్ మాస్టర్‌ను అడగండి.

*నా పాత్ర స్వభావమే అంత అని సమర్థించుకోవడం.* పాత్రను తయారు చేసింది మీరు, స్వభావం ఎంచుకున్నదీ మీరే. ఈ మాట నోటి చివరకు వచ్చినప్పుడు ఆగి, మూడవ భాగంలోని పట్టికను మళ్లీ చదవండి.

*పిచ్చితనాన్ని టక్కరితనంగా భ్రమపడటం.* ఏ కారణం లేకుండా బల్ల ఎక్కి గంతులేయడం, ఎదురైనవారినల్లా కరవడం మొదటి గంట నవ్విస్తాయి, తరువాత విసిగిస్తాయి. టక్కరికి ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. ఆకలి, భయం, అసూయ, ప్రేమ వీటిలో ఈ రోజు ఏది నడిపిస్తున్నదో సెషన్ మొదట్లోనే కాగితం మీద ఒక్క మాటలో రాసుకోండి.

*బలహీనులను ఆటపట్టించడం.* బందీలను, అనాథలను, బానిసలను ఏడిపించే టక్కరి వట్టి దుర్మార్గుడు. బాణం ఎప్పుడూ పైకి ఎక్కుపెట్టండి: గర్వించిన యోధుడు, అన్నీ తెలిసిన పండితుడు, మీ నాయకుడు.

*ప్రతి ఘట్టంలోకి దూరడం.* ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే ఒకరు మాట్లాడితే మరొకరి గొంతు వినబడదు. సెషన్‌కు ఒక పెద్ద అల్లరి, రెండు చిన్నవి అని లెక్క పెట్టుకోండి. మిగతా సమయంలో ఇతరుల ఘట్టాలను ఆసక్తిగా వినండి; మీకు కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది.

7. గేమ్ మాస్టర్లకు నాలుగు మాటలు

పూచీ ఉన్న టక్కరిని పరాయివారు కొట్టబోతే, పూచీదారుడి పేరు వినగానే వారిని ఒక క్షణం ఆగనివ్వండి. ఆ రక్షణ నిజంగా పనిచేస్తుందని కనబడాలి. అలాగే పరిహారాన్ని ఎప్పుడూ మాఫీ చేయవద్దు. తగ్గించవచ్చు, వాయిదా వేయవచ్చు, ఆవుకు బదులు ఒక సాహసకార్యం అడగవచ్చు, కానీ లెక్క ఎక్కడో రాసి ఉండాలి.

టక్కరి వేసిన పథకం బాగుంటే పాచికలు వేయించకుండా కొన్నిసార్లు జరగనివ్వండి, పర్యవసానం మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

8. పూచీ తెగే రోజుకు సిద్ధంగా ఉండండి

పూచీదారుడు చనిపోవచ్చు, పదవి పోవచ్చు, విసిగిపోయి సభలోనే మీ చేయి వదిలేయవచ్చు. ఆ క్షణం నుంచి మీ పాత్ర మళ్లీ వెలిలో ఉన్నట్టే. పాత బాకీలన్నీ ఆ రాత్రే తలుపు తడతాయి. దీనిని దుర్ఘటనగా కాక, మొదటి నుంచి దాచి ఉంచిన ఘట్టంగా చూడండి.

అందుకు ముందుగానే చేసి ఉంచుకోవలసినవి ఇవి:

- మీ వల్ల నష్టపోయినవారి పేర్ల జాబితా, ప్రతి సెషన్ తరువాత ఒక వాక్యం చొప్పున పెంచుతూ.
- మీకు రుణపడినవారి జాబితా. ఇది మొదటిదాని కంటే చాలా చిన్నదిగా ఉంటుంది, అయినా ఉండాలి.
- రెండో పూచీదారుడు కాగల పాత్ర ఎవరు అన్న ఆలోచన, ఆ పాత్రను ఆడే మనిషితో ముందే జరిగిన సంభాషణ.
- పూచీ దొరకకపోతే ఆడటానికి వేరొక పాత్ర షీటు, నింపి సిద్ధంగా.

పూచీ తెగిన సెషన్‌ను నడిపే వరుస కూడా ముఖ్యం. మొదట పూచీదారుడిగా ఆడిన మనిషిని, వారి పాత్ర చివరి మాట ఏమిటో అననివ్వండి. తరువాత టక్కరికి ఒక్క రాత్రి గడువు ఇవ్వండి. ఆ రాత్రి అతడు తోటి పాత్రల గుడిసెల తలుపులు ఒక్కొక్కటిగా తడతాడు. ప్రతి ఆటగాడూ తన పాత్ర తలుపు తీస్తుందో లేదో చెప్పాలి, ఎందుకో చెప్పాలి. హ్యుమాక్ట్ భక్తుడి తలుపును చివరకు ఉంచండి.

ఎవరైనా తలుపు తీస్తే, రెండవ భాగంలోని మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి షరతులు రాసే కలం కొత్త పూచీదారుడి చేతిలో ఉంటుంది. ఎవరూ తీయకపోతే టక్కరి తెల్లవారకముందే ఊరి పొలిమేర దాటిపోతాడు, అతడి షీటును గేమ్ మాస్టర్‌కు అప్పగించండి.